60 వేలల్లో న్యూస్ ఫొటోలకు ఏ కెమెరా తీసుకోవాలి? ఎవరి ఫొటోలు చూస్తే నేర్చుకోవచ్చు?

గోదారి_గట్టు:

అందరికీ నమస్తే. మాది భద్రాచలం. ఏడాదిన్నరగా ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్‌గా పనిచేస్తున్నాను. వార్త రాసేదీ నేనే, ఫొటో తీసేదీ నేనే, ఇప్పటిదాకా అంతా ఫోన్‌తోనే. ధర్నాలు, సన్మానాలు, ప్రారంభోత్సవాల వరకు ఫోన్ సరిపోతోంది. వరద వచ్చినప్పుడే కష్టం. 2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు నేనింకా ఈ పనిలో లేను, కరకట్ట మీద జనంలో నిలబడి చూశాను (చివరిదైన మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, దాని మీద ఇంకో 18 అడుగుల నీళ్లన్నమాట). ఈ పనిలోకి రావాలనిపించింది ఆ రోజే. కిందటి వానాకాలం ముంపు ఊరి నుంచి ఒక ముసలావిడను పడవలో తీసుకొస్తుంటే గట్టు మీద నుంచి జూమ్ చేసి తీశాను. ఫోన్‌లో చూస్తే బాగానే ఉంది, పెద్దది చేస్తే మొహం మీద రంగు పూసి అలికినట్టుంది. డెస్క్ వాళ్లు పక్కన పెట్టేశారు, వాళ్లనేమీ అనలేను.

చీటీ ఎత్తితే 60 వేలు వచ్చాయి. అంతకు మించి లేదు. కొత్తది కొనాలా, సెకండ్ హ్యాండా? డీఎస్ఎల్ఆరా (లోపల అద్దం ఉండేది), అద్దం లేని మిర్రర్‌లెస్సా? వానలో, పడవలో, కరెంటు లేని పునరావాస కేంద్రంలో పనికి రావాలి. ఇంకో ప్రశ్న, నాకు ఇదే ముఖ్యం: నాకు నేర్పేవాళ్లెవరూ లేరు. పెద్ద ఫొటోగ్రాఫర్ల ఫొటోలు చూడమంటారు అందరూ. ఎవరివి చూడాలి, ఎలా చూడాలి? చూసి బాగుందనుకోవడం తప్ప నాకేమీ అర్థం కావడం లేదు.

పాత_నెగటివ్:

అమ్మా, నేను విజయవాడలో 27 ఏళ్లు ప్రెస్ ఫొటోగ్రాఫర్‌గా చేశాను, ఫిల్ములో మొదలుపెట్టి డిజిటల్‌లో రిటైరయ్యాను. నువ్వు అడిగిన వాటిలో కరెంటు లేని పునరావాస కేంద్రం అన్న ముక్క దగ్గరే నా జవాబు ఉంది. చాలామంది మెగాపిక్సెల్స్ లెక్కపెడతారు గాని వరద రోజుల్లో ముందు చూడాల్సింది బ్యాటరీ. నికాన్ డీ7200 అనే డీఎస్ఎల్ఆర్ ఒక ఛార్జితో 1,110 ఫొటోలు తీస్తుందని కంపెనీ లెక్క. చిన్న మిర్రర్‌లెస్‌లు, ఉదాహరణకి కానన్ ఆర్10, వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే కిటికీలో) చూస్తూ తీస్తే 300 లోపే. రెండు రోజులు కరెంటు పోతే ఆ తేడా ఏమిటో తెలుస్తుంది.

అందుకే నేనైతే డీ7200 సెకండ్ హ్యాండ్ తీసుకోమంటాను. 2015 నాటిది, పాతదే, అయినా 24 మెగాపిక్సెల్స్ పేపర్‌కు ఎక్కువే. రెండు మెమరీ కార్డులు పడతాయి, ఒకటి పాడైనా రెండోదాంట్లో ఫొటోలుంటాయి. (దాని తర్వాత వచ్చిన డీ7500లో ఒక్క కార్డే, ఎందుకలా చేశారో నాకిప్పటికీ మింగుడు పడదు.) తుంపర పడినా తట్టుకునేలా బాడీకి సీలింగ్ ఉంది, అలాగని జడివానలో బయట పెట్టకు. పాలిథిన్ కవర్‌కు లెన్సు పట్టేంత చిల్లి చేసి రబ్బర్ బ్యాండ్ వేస్తే చాలు, మేమందరం అలాగే చేశాం. పడవలో మాత్రం లెన్సు మార్చకు.

లెన్సులు: దూరానికి 70-300 ఎంఎం జూమ్, చీకటికి 35 ఎంఎం ఎఫ్/1.8 (ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది). ఈ 35 డీ7200లోని చిన్న సెన్సర్ (వెలుతురు పడి ఫొటో తయారయ్యే పలక) మీద దాదాపు 50 ఎంఎంలా పనిచేస్తుంది, మన కంటికి కనిపించినట్టే ఉంటుంది. కెమెరాతో పాటే ఇచ్చే కిట్ లెన్సు జూమ్ చేసేకొద్దీ ఎఫ్/5.6కి పడిపోతుంది, సాయంత్రం స్కూల్ గదిలో పడుకున్న జనాన్ని దాంతో తీయలేవు. ఎఫ్/1.8 అంటే దానికన్నా సుమారు పది రెట్లు వెలుతురు. ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో తీయడానికి పెంచుకునే సెట్టింగ్) 3200 దాకా భయపడకుండా పెట్టు, గ్రెయిన్ (గరుకు చుక్కలు) ఉన్న ఫొటోని పేపర్ వేస్తుంది గాని కదిలిపోయిన ఫొటోని వేయదు.

కొనేముందు షట్టర్ కౌంట్, అంటే ఆ కెమెరా ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో చూడు. ఆ మోడల్‌కు 1,50,000 దాకా అని రేటింగ్, 50 వేల లోపుది దొరికితే మంచిది. నికాన్ అయితే తీసిన ఫొటో ఫైల్‌లోనే ఆ నంబర్ ఉంటుంది, అక్కడే ఒక ఫొటో తీసి చూసుకోవచ్చు. లెన్సులోకి వెనక నుంచి టార్చి వేసి చూడు, సాలెగూడులా కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా తీసుకోకు. మన గోదావరి, కోస్తా తేమకు అది ఇంకా పెరుగుతుంది.

షట్టర్_125:

పెద్దాయన మాట కాదనను గానీ ఒక్కటి చెప్పాలి. నేను హైదరాబాద్‌లో ఫ్రీలాన్స్ చేస్తాను, మూడేళ్ల క్రితం మిర్రర్‌లెస్‌కు మారాను. డీఎస్ఎల్ఆర్ టక్ అని కొట్టే శబ్దానికి ఏడుస్తున్న మనిషి తలెత్తి చూస్తాడు, ఇక ఆ ఫొటో పోయినట్టే. మిర్రర్‌లెస్‌లో శబ్దం లేకుండా తీయొచ్చు, కళ్ల మీద ఫోకస్ అదే పట్టుకుంటుంది, కొత్తవాళ్లకు అది చాలా పెద్ద సాయం. బ్యాటరీలంటారా, రెండు అదనంగా కొనుక్కుని పవర్ బ్యాంక్‌తో ఛార్జ్ చేసుకోవచ్చు.

ఒక ఇబ్బంది మాత్రం నాకే ఎదురైంది కాబట్టి చెప్తున్నా. ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన మీటింగ్ మొత్తం సైలెంట్ షట్టర్‌తో తీశాను, ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఫొటోలో అడ్డంగా నల్ల చారలు. ఎల్ఈడీ లైట్లు కంటికి కనిపించకుండా మినుకుమంటుంటాయి, శబ్దం లేని ఆ ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను వరసలవారీగా చదువుతుంది కాబట్టి ఆ చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ వేగం సెకనులో 1/100 లేదా 1/50 వంతు దగ్గర పెడితే చాలావరకు పోతాయి. ఆ రోజు ఒక్క ఫొటో కూడా పంపలేకపోయాను.

60 వేలల్లో మంచి మిర్రర్‌లెస్ బాడీ, రెండు లెన్సులు కలిపి రావడం కష్టం, అది నిజం. లెన్సుల మీద ఖర్చు పెట్టాలంటే ఆయన చెప్పిన దారే నయం.

చీకటిగది:

గోదారి గట్టు గారూ, కెమెరా సంగతి వాళ్లు చెప్పారు కాబట్టి మీ రెండో ప్రశ్నకు వస్తాను. మా నాన్నగారికి స్టూడియో ఉండేది, చిన్నప్పటి నుంచీ ఫొటోలు చూడటమే నాకు ఇష్టమైన పని, తీసేది తక్కువ.

ఒకేసారి వంద ఫొటోలు చూడొద్దు. వారానికి ఒక్కటి. ముందు క్యాప్షన్ చదవకుండా చూడండి. ఫొటోగ్రాఫర్ ఎక్కడ నిలబడ్డాడు? కూర్చున్నాడా? వెలుతురు ఎటు నుంచి వస్తోంది? అంచుల్లో ఏం వదిలేశాడు? ఆ తర్వాత క్యాప్షన్ చదివి మళ్లీ చూడండి.

మొదట అమెరికా ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంజ్. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీలు కోసే కూలీల గుడారాల్లో తీసిన తల్లీపిల్లల ఫొటో మీరు చూసే ఉంటారు. నేను చూడమనేది దాని పక్కనున్నవి. ఆవిడ అక్కడ ఆరేడు ఫొటోలు తీసింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గుడారం మొత్తం కనిపించేది ఒకటి, ఇంకొంచెం దగ్గరగా ఒకటి, చివరికి మొహం, చెయ్యి, ఇటూ అటూ తిరిగిపోయిన పిల్లల తలలు, అంతే. అవన్నీ వరసగా పెట్టుకుని చూస్తే, ఏమేం తీసేసుకుంటూ ఆ ఒక్క ఫొటో దగ్గరికి వచ్చిందో తెలుస్తుంది. మీరు పడవలో ముసలావిడను గట్టు మీద నుంచి జూమ్ చేశానన్నారు. లాంజ్ నడిచి దగ్గరికి వెళ్లింది.

ఆ కథలో ఇంకో సగం ఉంది. ఆవిడ ఆ తల్లి పేరు అడగలేదు. ఫొటో పేపర్లో వచ్చాక ప్రభుత్వం ఆ గుడారాలకు 20,000 పౌండ్ల (సుమారు 9 టన్నుల) తిండి పంపింది, అప్పటికే ఆ కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో వల్ల తనకేమీ దక్కలేదన్న బాధ ఆమెకు ఉండేది. ఈ సంగతి తెలిశాక నేను ఆ ఫొటోని మునుపటిలా చూడలేకపోయాను.

మన దేశానికి వస్తే సునీల్ జానా. 1943 బెంగాల్ కరువును కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ వార్ కోసం తీశాడు, తర్వాత మన తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఇక్కడి రైతుల్నీ తీశాడు. ఆయనకు మొదటి నుంచీ చూపు సరిగా లేదు. ఆ ఫొటోల్లో మనుషుల్ని కొంచెం కింద నుంచి, ఆకాశం వెనక పెట్టి తీసిన తీరు చూడండి, చేతిలో ఏమీ లేని మనిషి కూడా నిటారుగా కనిపిస్తాడు.

హొమాయ్ వ్యారవాలా మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు. స్పీడ్ గ్రాఫిక్ లాంటి బరువైన కెమెరాలు మోసుకుని, చీరలో సైకిల్ మీద ఢిల్లీ అంతా తిరిగింది. మీరు ఒంటరిగా పనిచేస్తున్నారు కాబట్టి ఆవిడ గురించి తప్పకుండా చదవండి.

ఇంకో పని చేయండి. 1984 డిసెంబర్ భోపాల్ గ్యాస్ దుర్ఘటనలో ఒక పసిబిడ్డను పూడ్చిపెడుతుంటే రఘు రాయ్ నలుపు తెలుపులో తీశాడు, పాబ్లో బార్తొలొమ్యూ రంగుల్లో తీశాడు. పాబ్లోదానికి ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫొటో అవార్డు వచ్చింది. ఒకే బిడ్డ, ఒకే మట్టి. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏది మిమ్మల్ని ఎక్కువ కదిలించిందో, ఎందుకో ఒక కాగితం మీద రాసుకోండి. కష్టంగా ఉంటుంది, నేను రెండు రోజులు ఆగి మళ్లీ చూశాను.

మన దగ్గర వరంగల్ భరత్ భూషణ్ తీసిన పల్లె ఇళ్లు, బతుకమ్మలు కూడా వెతకండి. వరదలంటే 1908 మూసీ వరద ఫొటోలూ నెట్‌లో ఉన్నాయి.

గోదారి_గట్టు:

అందరికీ చాలా థాంక్స్. లాంజ్ ఫొటోలు రాత్రి వరసగా పెట్టుకుని చూశాను. పేరున్న ఆ ఫొటో కన్నా గుడారం మొత్తం కనిపించేదే ఎక్కువసేపు చూశాను, బయట ట్రంకుపెట్టె, ఖాళీ పళ్లెం ఉన్నాయి, మా పునరావాస కేంద్రాల్లోనూ అదే దృశ్యం.

ఒక సందేహం. పేరు అడగమంటున్నారు. కేంద్రంలో ఆడవాళ్లు ఫొటో అనగానే కొంగు అడ్డం పెట్టుకుంటారు. అడిగి తీస్తే ఫొటోకి నిలబడినట్టు వస్తుంది, అడక్కుండా తీస్తే నాకే మనసొప్పదు. ఏం చేయాలి?

పాత_నెగటివ్:

మొదటి గంట కెమెరా సంచిలోంచి తీయకు. వెళ్లి కూర్చో, ఏ ఊరు, ఎన్ని మేకలు పోయాయి, వడ్లు ఏమయ్యాయి, మాట్లాడు. రాసుకో. ఆ తర్వాత కెమెరా బయటికి తీసి మెడలో వేసుకుని ఇంకాసేపు మాట్లాడు. అప్పటికి వాళ్ల పనిలో వాళ్లుంటారు, నువ్వు తీస్తున్నావని తెలుసు, వద్దన్నవాళ్లెవరో నీకూ తెలుసు. కొంగు అడ్డం పెట్టుకున్న మనిషిని తీయకు, ఎంత మంచి ఫొటో పోయినా సరే. పేరు, ఊరు నోట్‌బుక్‌లో ఫ్రేమ్ నంబర్ పక్కనే రాసుకో, ఇంటికెళ్లాక గుర్తుండదు.

1986లో గోదావరి మీ దగ్గర 75.6 అడుగులకు వచ్చింది కదా, ఆ ఏడు నేను కుర్రవాణ్ణి, రాజమండ్రి వైపు తీసిన ఒక ఫొటో ఇప్పటికీ ఇంట్లో ఉంది. చూరు పట్టుకుని ఒక పిల్లాడు. వాడి పేరు నేను అడగలేదమ్మా. ఇప్పుడు వాడికి 45 దాటి ఉంటాయి, ఎక్కడున్నాడో తెలియదు, ఆ ఫొటో వాడికిద్దామన్నా దారి లేదు.

గోదారి_గట్టు:

సార్, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

శనివారం హైదరాబాద్ వెళ్తున్నాను. కోఠి గుజరాతీ గల్లీలో ఒక షాపులో డీ7200 ఉందన్నారు, షట్టర్ కౌంట్ 41 వేలు అని చెప్తున్నారు, 35 ఎంఎం కూడా ఉందట. 70-300 తర్వాత చూస్తాను, ముందు దగ్గరికి నడవడం అలవాటు చేసుకుంటాను.

షట్టర్_125:

శనివారం నేను ఖాళీనే, కావాలంటే షాపు దగ్గరికి వస్తాను, బాడీ నేను చూసి చెప్తా. టార్చి కూడా తెస్తా. మీ దగ్గరున్న మెమరీ కార్డు ఒకటి తెచ్చుకోండి.