గోల్డ్‌ఫిష్‌కి జబ్బు చేస్తే ముందు మందా, నీళ్లా?

మియాపూర్ నాన్న
మా పాప పుట్టినరోజుకని మూడు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి ఐదు వారాలైంది. రెండు ఒరాండాలు, ఒకటి మామూలు పొడుగు తోకది. 60 లీటర్ల ట్యాంకు, స్పాంజి ఫిల్టర్, ఎయిర్ పంపు ఉన్నాయి. మూడు రోజులుగా పెద్ద ఒరాండా రెక్కలు ముడుచుకుని అడుగున కూర్చుంటోంది, లేదంటే పైకొచ్చి నోరు ఆడిస్తోంది. పొడుగు తోక దానికి తెల్ల చుక్కలు కనిపించాయి. షాపతను ఫోటో చూసి 'ఇచ్' (తెల్ల చుక్కల జబ్బు) అని చెప్పి నీలం మందు సీసా ఇచ్చాడు. మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ కొని క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలపమన్నాడు కూడా. మా బావమరిదేమో "మందులన్నీ దండగ బావా, రాళ్ల ఉప్పు వెయ్" అంటాడు. నిన్న రాత్రి నీలం మందు వేశాను. ఇవాళ పొద్దున మూడు చేపలూ పైనే ఉన్నాయి. ఎవరి మాట వినాలి?

శుభ్రతకి లోటు లేదండీ. ప్రతి ఆదివారం నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లు కడిగి, స్పాంజిని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండి పెడతాను.

గచ్చిబౌలి బకెట్
సార్, మీరు గొప్పగా చెప్పుకున్న ఆ ఆఖరి రెండు వాక్యాల్లోనే జబ్బు ఉంది.

చేప మొప్పల నుంచి అమ్మోనియా అనే విషం విడుదలవుతూనే ఉంటుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజిలో, రాళ్ల మీద పెరగాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరేమో ప్రతి ఆదివారం వాటిని క్లోరిన్ నీళ్లతో కడిగేస్తున్నారు. అంటే మీ ట్యాంకుకి ఐదు వారాల వయసు లేదు, ప్రతి సోమవారం మళ్లీ కొత్తగా పుడుతోంది. దానిమీద నీలం మందు, అంటే బహుశా మిథిలీన్ బ్లూ, వేశారు. మిగిలిన కాస్త బ్యాక్టీరియాకి కూడా అది ముప్పే. టెట్రాసైక్లిన్ అసలు వద్దు. మన బోరు నీళ్లలో ఉండే కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది, మందు సరిగ్గా పనిచేయదు. నీళ్లు మాత్రం ఎర్రబడి నురగ కడతాయి.

ఒక్క ప్రశ్న: చేపలు వారంలో ఏ రోజు బాగా డల్‌గా ఉంటాయి?

మియాపూర్ నాన్న
పాపని అడిగాను. "ఆదివారం సాయంత్రం బాగా ఆడతాయి నాన్నా, స్కూల్ లేని శనివారం మాత్రం నిద్రపోతాయి" అంది. ఇవాళ శనివారమే.

రంచు ప్రియ
"నీళ్లు మార్చండి" అన్నది ఇక్కడ అందరికీ మంత్రమైపోయింది. నేనూ అది నమ్మే నష్టపోయాను. నా ట్యాంకులో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. కొత్త చేప తెచ్చిన వారానికి చుక్కలొచ్చాయి. ఇక్కడి పెద్దలు చెప్పినట్టు పది రోజులు నీళ్లు మారుస్తూ కూర్చున్నాను. నాలుగు రంచు గోల్డ్‌ఫిష్‌లు పోయాయి.

ఇచ్ అనేది పరాన్నజీవి. చర్మం కింద ఉన్నంతసేపు దాన్ని ఏ మందూ తాకదు. ముదిరాక రాలి అడుక్కి చేరి, అక్కడ వందల పిల్లలుగా చీలి, మళ్లీ చేపని వెతుక్కుంటూ ఈదుతుంది. అలా ఈదుతున్నప్పుడే మందు దాన్ని చంపగలదు. అందుకే ఒక్కసారి వేసి ఊరుకోకుండా, చివరి చుక్క పోయిన తర్వాత కూడా కొన్నాళ్లు వేయాలి. మన ఎండలకి ఈ చక్రం వారం లోపే తిరిగిపోతుంది. నీళ్లు బాగుపడేదాకా ఆగితే చేప మిగలదు.

గచ్చిబౌలి బకెట్
మీ చేపల విషయంలో మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం ప్రియ గారూ. కానీ ఈయన చేపకున్నది ఇచ్ అని ఎవరు తేల్చారు? షాపతను, అదీ ఫోటో చూసి. సార్, చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో టార్చి వేసి చూసి చెప్పండి. తోక మీద, ఒంటి మీద ఉప్పు చల్లినట్టుందా?

మియాపూర్ నాన్న
లేదు. మొప్ప మూత మీద, ముందు రెక్కల అంచు గట్టిగా ఉంటుంది కదా, అక్కడ మాత్రమే. ముగ్గు చుక్కల్లాగా వరసగా ఉన్నాయి. ఒంటి మీద ఒక్కటీ లేదు. ఆ చేప మిగతావాటి వెంట పడుతూ ఉంటుంది కూడా.

గచ్చిబౌలి బకెట్
అయితే అది మగచేప. జత కట్టే వయసుకొస్తే మొప్ప మూత మీద, ముందు రెక్కల మీద ఇలాంటి బుడిపెలొస్తాయి. జబ్బు కాదు, మగతనం. దానికి మందిచ్చాడండీ ఆ షాపు మహానుభావుడు!

కైకలూరు చెరువు
మాది చేపల చెరువండి. తెల్లారుజామున చేపలు పైకి తేలి నోరాడిస్తుంటే మేం మందుల కొట్టుకి పరిగెత్తం, ముందు ఇంజను వేసి నీళ్లు కొడతాం. రాత్రంతా చెరువులో నాచు కూడా ఆక్సిజన్ తాగేస్తుంది కదా. మీ గాజు పెట్టెలోనూ ముందు చూడాల్సింది గాలి, నీళ్లే.

అలాగని ప్రియమ్మ మాట కొట్టెయ్యకండి. మా దగ్గర చేప పేను, ఆర్గులస్ అంటారు, పడితే ఎన్ని నీళ్లు తోడినా పోదు. చెరువు నాచుతోనో కొత్త చేపతోనో మీ ఇంటికీ వస్తుంది. గోరు మీద పెడితే పారదర్శకంగా బొట్టుబిళ్లలా ఉంటుంది, రెండు నల్ల కళ్లు కనబడతాయి. చేప రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటుంటే ముందు దీనికోసమే వెతకండి. ఒకటీ అరా ఉంటే పట్టకారుతో తీసేయొచ్చు. చెరువులకి కొట్టే మందు మాత్రం ఇంట్లో వేయకండి. ఎకరాల లెక్కన కొట్టేదాన్ని 60 లీటర్లకి చుక్కల్లో ఎవరు కొలుస్తారు?

విశ్రాంత కెమిస్ట్రీ
బావమరిదిని ఎవరూ పట్టించుకోలేదు పాపం. అతని మాటలో సగం నిజముంది. ఉప్పు అమ్మోనియాని తీసేయదు. కానీ నైట్రైట్ ఉంటే, ఉప్పులోని క్లోరైడ్ అది మొప్పల్లోంచి రక్తంలోకి పోకుండా అడ్డుపడుతుంది. లీటరుకి 1 గ్రాము చాలు, అంటే మీకు 60 గ్రాములు. గుప్పిట్లో పోయకండి, తూచండి. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు కాబట్టి, తీసేసిన నీళ్లకి సరిపడా మాత్రమే మళ్లీ కలపాలి. అయోడిన్ ఉప్పు విషమనేది వట్టి పుకారు, అందులో అయోడిన్ ఉండేది అణుమాత్రం.

అమీర్‌పేట్ బౌల్
మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నా చేప తలకిందులుగా తేలుతోంది. ఇదీ నీళ్లేనా?

రంచు ప్రియ
మేత ఎక్కువై ఉంటుంది. రెండు రోజులు పస్తు పెట్టండి, తర్వాత గుళికలు నానబెట్టి వేయండి. మీ పేరులోనే బౌల్ ఉంది, దాని సంగతి వేరే పోస్టులో మాట్లాడుకుందాం.

మియాపూర్ నాన్న
టెస్ట్ కిట్ తెచ్చాను. అమ్మోనియా 2, నైట్రైట్ 0.5, పీహెచ్ 8.2. పరీక్ష గొట్టంలో నీళ్లు పచ్చగా మారుతుంటే కడుపులో దేవినట్టైంది. ఇన్నాళ్లూ అద్దంలా మెరుస్తున్నాయనుకున్న నీళ్లు ఇవే కదా.

గచ్చిబౌలి బకెట్
పీహెచ్ 8 దాటితే అదే అమ్మోనియా ఇంకా విషం, పైగా ఎండాకాలం. ఇప్పుడే సగం మార్చండి. కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోగొట్టే మందు కలిపి, బోరు నీళ్లైతే రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి వాడండి. సగం మారిస్తే 2 కాస్తా 1 అవుతుంది, అంతే. అందుకే రేపు మళ్లీ సగం, ఎల్లుండీ సగం. రెండు రోజులు మేత వద్దు. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండండి, తెల్లబడనక్కర్లేదు.

మియాపూర్ నాన్న (తొమ్మిది రోజుల తర్వాత)
చిన్న ఒరాండా మంగళవారం పోయింది. పాప రెండు రోజులు ట్యాంకు వైపు చూడలేదు. పెద్దది మొన్నటి నుంచి మేత కోసం గాజు దగ్గరికి వస్తోంది. అమ్మోనియా 0.25కి దిగింది. క్యాప్సూళ్లు కొనలేదు. నీలం సీసా మాత్రం ప్రియ గారి మాట మీద అలమరలో ఉంచాను. కొత్త ఒరాండా తెస్తే వేరే టబ్బులో నాలుగు వారాలు పెట్టాకే కలుపుతాను.

ఒక డౌటు. పెద్దదాని రెక్కల అంచున, మొప్పల దగ్గర నల్లటి మచ్చలొచ్చాయి. పాప "కాటుక పెట్టుకుంది" అంటోంది. నాకేమో మళ్లీ టెన్షన్.

గచ్చిబౌలి బకెట్
అమ్మోనియాకి కాలిన చోట మానేటప్పుడు అలా నల్లబడుతుంది. సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. ఆదివారం వస్తోంది సార్, స్పాంజి జోలికి వెళ్లకండి.