జీతం ఎంత ఆశిస్తున్నారని అడిగితే ముందుగా మనమే అంకె చెప్పాలా?

ప్రశ్న – టెస్టర్_ఐదేళ్లు

నేను ఐదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తున్నాను. ఉద్యోగం మారాలని ఈ ఏడాది ప్రయత్నం మొదలుపెట్టాను. పనికి సంబంధించిన ప్రశ్నలన్నింటికీ నిబ్బరంగానే జవాబు చెప్పి, చివర్లో వచ్చే "మీరు ఎంత ఆశిస్తున్నారు?" అన్న ప్రశ్న దగ్గర రెండుసార్లు దెబ్బతిన్నాను. మొదటిసారి మర్యాదగా ఉంటుందని "సంస్థ నిబంధనల ప్రకారం ఎంత ఇచ్చినా సరే" అన్నాను. ఆఫర్ లెటర్‌లో నా ప్రస్తుత జీతం మీద 6 శాతం మాత్రమే పెంచారు. ఇంకొంచెం పెంచమని అడిగితే, "ఎంతైనా సరేనని మీరే చెప్పారు కదా" అని నా మాటే నాకు అప్పజెప్పారు. ఆ ఉక్రోషంతో రెండోచోట ఒకటిన్నర రెట్లు అడిగాను. మళ్లీ ఫోన్ చేస్తామన్నవారు ఇంతవరకు చేయలేదు.

వచ్చే వారం మూడో ఇంటర్వ్యూ ఉంది. లెక్క సులువుగా ఉండడానికి నా ప్రస్తుత జీతం 100 అనుకోండి. ఈ అనుభవానికి 115 నుంచి 140 వరకు ఇస్తున్నారని, ఇదే పనిలో ఉన్న నలుగురైదుగురిని అడిగి తెలుసుకున్నాను. 125 వస్తే సంతోషంగా చేరతాను. ఈ మాటను ఎప్పుడు, ఏ రూపంలో చెప్పాలో అనుభవజ్ఞులు వివరించగలరు.

జవాబు – బల్లకు_అవతలివైపు

నేను పదకొండేళ్లు రిక్రూట్‌మెంట్‌లో పని చేశాను కాబట్టి, మీరు చెప్పిన అంకె మా వైపు ఏమవుతుందో చెబుతాను. అభ్యర్థికి మొదటి ఫోన్ చేసేటప్పుడు నా ముందు ఒక పట్టిక తెరిచి ఉండేది. అందులో ప్రస్తుత జీతం, ఆశిస్తున్న జీతం, నోటీస్ పీరియడ్ అని మూడు గడులు ఉండేవి. ఆ మూడూ నిండనిదే మేనేజర్‌కు రెజ్యూమె పంపేవాళ్లం కాదు. మీరు ఆ ఫోన్‌లో మాటవరసకు అన్న అంకె ఆ గడిలో చేరి, నెల తర్వాత ఆఫర్ తయారు చేసే వ్యక్తి కంటికి యథాతథంగా కనబడుతుంది. ఆ వ్యక్తి మీతో ఒక్కసారైనా మాట్లాడి ఉండడు.

ఇక రెండో సంగతి. పోస్టు ప్రకటించే నాటికే దానికి ఒక బడ్జెట్, అంటే కనిష్ఠం, గరిష్ఠం ఖరారై ఉంటాయి. మొదటి ఫోన్‌లో ఆ ప్రశ్న అడిగేది బేరమాడడానికి కాదు, మీరు ఆ రెండు గీతల మధ్య పడతారా లేదా అని చూసుకోవడానికి. అందువల్ల ఆ దశలో మీరే వారిని అడగవచ్చు: "బాధ్యతలు పూర్తిగా తెలిశాక కచ్చితంగా చెబుతాను, ఈలోగా ఈ పోస్టుకు మీరు అనుకుంటున్న బడ్జెట్ ఎంతో చెబితే ఇద్దరి సమయమూ కలిసివస్తుంది." ఇలా అడిగినవారు నాకు చాలా తక్కువ మంది తగిలారు, అడిగినవారికి మాత్రం నేను దాచకుండా చెప్పాను. అయితే ఈ దాటవేత ఒక్కసారే చెల్లుతుంది. రెండోసారి అడిగినప్పుడు కూడా తప్పించుకుంటే, తన విలువ తనకే తెలియని మనిషి అనుకుంటారు, లేదా దాగుడుమూతలాడే మనిషి అనుకుంటారు.

మీ రెండో ఇంటర్వ్యూ గురించి ఒక మాట. 150 అడిగినందుకే వదిలేశారని అనుకోనక్కరలేదు. బడ్జెట్ 130 వద్ద ఆగిపోయి, అభ్యర్థి నచ్చితే, "ఇంతలో కుదురుతుందా?" అని అడిగేవాళ్లం. అంకెకు కారణం చెప్పకపోవడం మాత్రం నష్టం చేసి ఉండవచ్చు.

జవాబు – లెక్కల_పిచ్చి

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, "ముందు వాళ్లచేతే చెప్పించాలి" అన్న సలహాను అన్ని సందర్భాలకూ వర్తింపజేయడం సరికాదని నా అభిప్రాయం. ముందుగా చెవిన పడ్డ అంకె ఆ తర్వాతి ఆలోచనను తన వైపు గుంజుకుంటుంది. ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1974లో సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో దీనికి చక్కటి ప్రయోగం ఉంది. అంకెలున్న ఒక చక్రాన్ని ప్రయోగంలో పాల్గొన్నవారి ముందు తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల వాటా ఎంత శాతమో అంచనా వేయమన్నారు. చక్రం 10 దగ్గర ఆగినప్పుడు మధ్యస్థ అంచనా 25 శాతంగా, 65 దగ్గర ఆగినప్పుడు 45 శాతంగా తేలింది. చక్రానికీ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేకపోయినా అంచనాలు ఇలా కదిలాయంటే, మీ ఉద్యోగానికి నేరుగా సంబంధించిన అంకె ఎంత పని చేస్తుందో ఊహించుకోండి. మార్కెట్ ఎంతో తెలియనివారు ముందు నోరు విప్పకపోవడమే మంచిది. మీకు మాత్రం 115 నుంచి 140 అని తెలుసు కాబట్టి, మొదటి అంకె అనే మేకు మీరే దిగ్గొట్టవచ్చు.

ఒకే అంకె చెప్పాలా, ఇంత నుంచి ఇంత అనాలా అన్నదానిపై కూడా పరిశోధన జరిగింది. కొలంబియా యూనివర్సిటీకి చెందిన డేనియల్ ఏమ్స్, మాలియా మేసన్ 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మనకు కావలసిన అంకెను అడుగున ఉంచి పైకి విస్తరించిన శ్రేణి మెరుగైన ఫలితాన్ని ఇవ్వగలదు, ఎదుటివారికి మొండితనంగానూ తోచదు. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. 125 కావలసినవారు "115 నుంచి 125" అంటారు, విన్నవారు 115 రాసుకుంటారు. మీరు "125 నుంచి 138" అనండి. అడుగు అంకె మీరు నిజంగా చేరడానికి సిద్ధపడేదై ఉండాలి, ఎందుకంటే దానికే ఆఫర్ వస్తే నొచ్చుకునే హక్కు మీకు ఉండదు.

చిన్న తేడాయే కదా అని వదిలేసేవారికి ఒక లెక్క. ఏటా 8 శాతం పెరుగుదల ఉంటుందనుకుంటే, చేరేనాడు వదులుకున్న 10 ఐదేళ్లకు దాదాపు 14.7 అవుతుంది. పైగా తర్వాతి ఉద్యోగంలో అడిగే "ప్రస్తుత జీతం" కూడా ఆ మేరకు తగ్గే ఉంటుంది.

టెస్టర్_ఐదేళ్లు

ఇద్దరికీ ధన్యవాదాలు. ప్రస్తుత జీతం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అది అడిగితే చెప్పక తప్పదా? కొంచెం పెంచి చెప్పమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు.

జవాబు – పేస్లిప్_పరిశీలకురాలు

పెంచి చెప్పవద్దు. చేరేముందు పాత పేస్లిప్పులు అడిగే సంస్థలు చాలా ఉన్నాయి. అక్కడ దొరికిపోతే పోయేది ఆ తేడా కాదు, ఆఫరే.

చెప్పక తప్పదా అన్నది మీరు ఉన్న చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2016లో చేసిన చట్టం 2018 జులై నుంచి అమలులోకి రావడంతో, అక్కడ ఆఫర్ ఇవ్వకముందు పాత జీతం అడగడం నిషిద్ధమైంది. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన జీతాల పారదర్శకత ఆదేశం పాత జీతం అడగకూడదని చెప్పడమే కాక, ప్రారంభ జీతాన్నో దాని శ్రేణినో అభ్యర్థికి ముందే తెలపాలంటుంది. దాన్ని సొంత చట్టాల్లోకి తెచ్చుకోవడానికి సభ్యదేశాలకు 2026 జూన్ 7 వరకు గడువు ఇచ్చింది. పాత జీతం మీద లెక్క కడితే పాత అన్యాయం కూడా కొత్త ఉద్యోగంలోకి వెంట వస్తుంది. ప్రసవం తర్వాత తక్కువ జీతానికి తిరిగి పనిలో చేరిన నాకు ఇది అనుభవమే.

అలాంటి చట్టం లేనిచోట, "నా ఇప్పటి పని వేరు, ఈ పోస్టు బాధ్యతలు వేరు, కాబట్టి ఈ పనికి మార్కెట్‌లో ఉన్నదాన్ని బట్టి మాట్లాడుకుందాం" అని ఒకసారి అనండి. పట్టుబడితే నిజం చెప్పి, వెంటనే మీరు ఆశించే అంకె కూడా చెప్పండి. పాత అంకెను గాలిలో ఒంటరిగా వదలకండి.

టెస్టర్_ఐదేళ్లు

ఇంటర్వ్యూ నిన్న ఫోన్‌లో జరిగింది. బడ్జెట్ అడిగితే, "మీరే చెప్పండి" అన్నారు రిక్రూటర్. అప్పుడు, పరీక్షల ఆటోమేషన్ మొత్తం నా చేతుల మీదుగా నడుస్తున్న సంగతి, రిలీజుకు మూడు రోజులు పట్టే పరీక్షలను ఒక్క రాత్రికి తగ్గించిన సంగతి చెప్పి, "125 నుంచి 138 ఆశిస్తున్నాను" అన్నాను. అవతల నిశ్శబ్దం. కీబోర్డు మీద ఏదో కొడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. "కొంచెం తగ్గినా ఫరవాలేదు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "కానీ…" అని నిజంగానే అనేశాను కూడా. ఆమె "చెప్పండి" అన్నారు. తప్పనిసరై, "ఏమీ లేదు, సిగ్నల్ పోయిందనుకున్నాను" అన్నాను. ఈ రోజు మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. మొత్తం 132 అట, అందులో స్థిర జీతం 120, వేరియబుల్ పే, అంటే కచ్చితంగా వస్తుందని చెప్పలేని మారే భాగం, 12. నా ఇప్పటి 100 మొత్తం స్థిరమే. ఒప్పుకోవచ్చా?

జవాబు – బల్లకు_అవతలివైపు

ఆ "కానీ" తర్వాత ఆగినందుకు అభినందనలు. నేను బల్లకు అటువైపు ఉన్నప్పుడు, అభ్యర్థులు ఆ నిశ్శబ్దంలోనే తమ అంకెను తామే తగ్గించుకునేవారు. నేనేమో నిజంగా టైపు చేసుకుంటూ ఉండేవాడిని.

120ని మీ 100తో పోల్చండి, 132ని కాదు. సంతకం చేసేముందు మూడు విషయాలు మెయిల్‌లోనే రాతపూర్వకంగా అడగండి. వేరియబుల్ పే దేని మీద ఆధారపడుతుంది, గత రెండేళ్లలో ఈ టీమ్‌కు అందులో ఎంత శాతం చేతికందింది, మధ్యలో చేరినవారికి మొదటి ఏడాది ఎలా లెక్కిస్తారు. జవాబులు స్పష్టంగా ఉంటే, "స్థిర జీతం 125 చేస్తే ఈ రోజే అంగీకారం తెలుపుతాను" అని రాయండి. "ఈ రోజే" అన్న మాట మరవవద్దు. ఖాళీగా ఉన్న పోస్టు భర్తీ అయిపోతుందనే ఆశ ఉంటే, ఆ 5 కోసం మేనేజర్ దగ్గరికి వెళ్లడానికి రిక్రూటర్‌కు ఒక కారణం దొరుకుతుంది.