కరెంటు పోయాక నాస్ వాల్యూమ్ మౌంట్ కావట్లేదు, రిపేర్‌కు ముందు ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మొన్న రాత్రి గాలివానకు కరెంటు మూడుసార్లు వచ్చి పోయింది. మా ఇంట్లో నాస్‌కు (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె) యూపీఎస్ లేదు. సరిగ్గా అప్పుడే ఫోన్ బ్యాకప్ దానిలోకి కాపీ అవుతోంది. పొద్దున ఆన్ చేస్తే వాల్యూమ్ మౌంట్ కాలేదు, అంటే అందులోని ఫైళ్లు అందట్లేదు.

రెండు 4 టీబీ డిస్కులు, రెయిడ్ 1 (రెండింటిలోనూ ఒకే డేటా), ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4. రెయిడ్ స్థితి చూపే ఎండీస్టాట్‌లో రెండు డిస్కులూ బాగానే కనిపిస్తున్నాయి. కానీ ఒకదాని స్మార్ట్ రిపోర్టులో (డిస్కు ఆరోగ్య నివేదిక) పెండింగ్ సెక్టార్లు, అంటే సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు, 16 ఉన్నాయి, నా టెన్షన్ అంతా దాని గురించే. ఫైల్ సిస్టమ్ ముఖ్య వివరాలుండే మామూలు సూపర్‌బ్లాక్ చదవడం లేదు. 32768 దగ్గరి బ్యాకప్ సూపర్‌బ్లాక్‌తో, డిస్కు మీద ఏమీ రాయకుండా మైనస్ ఎన్ పెట్టి ఈ2ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ తప్పులు వెతికే ప్రోగ్రామ్) నడిపాను. ఐనోడ్ (ఒక్కో ఫైలు వివరాలుండే రికార్డు) తప్పులు వందల్లో వచ్చాయి. రిపేర్ మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

ముందు డీడీరెస్క్యూతో (పాడైన డిస్కుల నుంచి కాపీ తీసే ప్రోగ్రామ్) రెండు డిస్కులకూ ఇమేజ్, అంటే పూర్తి నకలు, తీసి, ఆ కాపీ మీదే రిపేర్ చేయాలనుకుంటున్నాను. బాగున్న డిస్కు ఒక్కటి కాపీ చేస్తే సరిపోతుందా? ఫైళ్లు పేర్లు పోయి లాస్ట్ ప్లస్ ఫౌండ్‌లో (రిపేర్‌లో చోటు తెలియని ఫైళ్లు చేరే ఫోల్డర్) పడితే మళ్లీ ఫోల్డర్ల ప్రకారం సర్దుకునే దారి ఉందా?

మా నాన్నగారి చివరి రెండేళ్ల ఫోటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి చెప్పండి. అప్పటిదాకా నాస్ ఆన్ చేయను.