ప్రెషర్ వాషర్ పెట్టాక డెక్ చెక్క పీచు లేచింది, ఇప్పుడు స్టెయిన్ వేయొచ్చా?

రాలీ_కొత్తిల్లు:
నార్త్ కరోలినాలో ఇల్లు. వెనక 12×16 అడుగుల డెక్ (చెక్క అరుగు), ప్రెషర్ ట్రీటెడ్ (కుళ్లకుండా మందు పట్టించిన) పైన్, 2016లో కట్టింది. ఉత్తరం వైపు కాబట్టి ఎండ తక్కువ, సగం నాచు పట్టింది, మిగతాది బూడిద రంగుకి తిరిగింది. పాత స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు) పెచ్చులేమీ లేవు. 3000 పీఎస్ఐ ప్రెషర్ వాషర్‌తో ఒక మూల కడిగితే నాచు పోయింది గానీ పీచు లేచి చేతికి గుచ్చుకుంటోంది. మేకుల చుట్టూ నల్ల మరకలు పోలేదు. శనివారం బ్లీచ్‌తో కడిగి ఆదివారం స్టెయిన్ వేద్దామని ఉంది. ఎన్ని గ్యాలన్లు పడుతుందండీ?

చెక్కపని:
ముందు ఆ వాషర్ పక్కన పెట్టేయండి. పైన్ పలకలో లేత చార, ముదురు చార పక్కపక్కనే ఉంటాయి. అంత ఒత్తిడికి లేతది కొట్టుకుపోయి ముదురుది గట్టులా మిగులుతుంది. మీకు గుచ్చుకుంటున్నది అదే. పైన్‌కి 500–600 పీఎస్ఐ, 40 డిగ్రీల నాజిల్ చాలు, కనీసం అడుగు దూరం నుంచి కొట్టాలి. తోట పైపు, గట్టి నైలాన్ బ్రష్ ఉన్నా పని అయిపోతుంది.

క్లోరిన్ బ్లీచ్ వద్దు. నాచుతో పాటు చెక్కను పట్టి ఉంచే లిగ్నిన్‌నీ తింటుంది, స్క్రూలను తుప్పు పట్టిస్తుంది. ఆక్సిజన్ బ్లీచ్ పేరుతో దొరికే సోడియం పెర్‌కార్బొనేట్ పొడి గ్యాలన్ గోరువెచ్చని నీళ్లకు 6–8 ఔన్సులు కలపండి. కలిపింది ఆ పూటే వాడేయాలి. మూత బిగించి దాచితే లోపల వాయువు పుట్టి డబ్బా పగులుతుంది. చుట్టూ మొక్కలు ముందే తడపండి. నాలుగైదు పలకల చొప్పున పోసి, 15 నిమిషాలు ఆరనివ్వకుండా ఉంచి, నార ఎటు పోతే అటే రుద్ది కడిగేయండి. ఇనుప తీగల బ్రష్ ముట్టొద్దు, విరిగిన తీగ ముక్కలు చెక్కలో దిగి తుప్పు చుక్కలవుతాయి.

కడిగాక చెక్క నల్లబడినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. అది ఆ పొడిలోని క్షారం పని. తడి ఆరకముందే ఆక్సాలిక్ యాసిడ్ గ్యాలన్‌కు 4 ఔన్సులు కలిపి పోయండి. మేకు చుట్టూ ఉన్న నలుపు ఇనుము, చెక్కలోని టానిన్ కలిసి పుట్టింది. సబ్బుకి లొంగదు, దీనికి లొంగుతుంది: పది నిమిషాల్లో అంచు నుంచి లోపలికి పలచబడుతూ తేనె రంగు బయటికి వస్తుంది. చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఏ యాసిడ్‌నీ బ్లీచ్‌తో కలవనివ్వకండి.

తేమమీటర్:
శనివారం కడిగి ఆదివారం స్టెయిన్ అంటే చేజేతులా పాడుచేసుకోవడమే. పైన ఆరినా లోపల నీళ్లుంటాయి, నూనె దిగక పైనే జిగురుగా నిలిచిపోతుంది. కనీసం 48 గంటలు, నీడ వైపు ఇంకా ఎక్కువ. తేమ కొలిచే మీటర్ 15 శాతం లోపు చూపాలి. మీటర్ లేకపోతే నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి. పది నిమిషాల్లో ఇంకితే సిద్ధం, ముత్యాల్లా నిలబడితే ఆగండి.

లేచిన పీచుకి బాగా ఆరాక 60 లేదా 80 గ్రిట్ శాండ్‌పేపర్ చాలు. నున్నగా రావాలని 150 పెడితే స్టెయిన్ తాగదు. 2004కి ముందు కట్టిన డెక్ అయితే ఆర్సెనిక్ ఉన్న సీసీఏ మందు పట్టించిన చెక్క కావచ్చు, దాన్ని అరగదీయొద్దని చెప్పేవాణ్ణి. మీది 2016ది కాబట్టి ఆ భయం లేదు, మాస్క్ మాత్రం పెట్టుకోండి.

నేల 192 చదరపు అడుగులు. వాన తిన్న పైన్ ఎక్కువ తాగుతుంది, గ్యాలన్‌కి 150 అనుకోండి. రెయిలింగ్‌తో కలిపి రెండు గ్యాలన్లు తెచ్చి, రెండూ ఒకే బకెట్‌లో కలుపుకుంటే రంగు తేడా రాదు. నూనె ఆధారిత సెమీ ట్రాన్స్‌పరెంట్ (చెక్క నార కనిపించే పలచటి రంగు) తీసుకోండి. సాలిడ్ స్టెయిన్ పెయింట్ లాంటిది, నడిచే చోట పెచ్చులూడుతుంది.

రాలీ_కొత్తిల్లు:
చాలా థ్యాంక్సండీ. రెండు కోట్లు వేస్తే ఎక్కువ కాలం ఉంటుందా? తులసి కుండీ కింద గుండ్రటి మచ్చకీ ఆ యాసిడేనా?

తేమమీటర్:
డబ్బా మీద రెండు కోట్లని రాసి ఉంటే తప్ప ఒక్కటే. చెక్క తాగినంతే పని చేస్తుంది. 15–20 నిమిషాల తర్వాత ఎక్కడైనా తళతళ కనిపిస్తే గుడ్డతో తుడిచేయండి. నడిఎండలో వేయొద్దు.

చెక్కపని:
మచ్చకీ యాసిడే, కానీ ముందు అక్కడ స్క్రూడ్రైవర్ మొన గుచ్చి చూడండి. మెత్తగా దిగితే కుళ్లు, పలక మార్చాలి. ఇకపై కుండీని అర అంగుళం ఎత్తు కాళ్ల మీద పెట్టండి, గాలి ఆడాలి. ఇంటి గోడకు డెక్‌ను పట్టి ఉంచే లెడ్జర్ బోర్డునూ అలాగే గుచ్చి చూడండి. అది బోల్టులతో కాక ఒట్టి మేకులతో ఉంటే స్టెయిన్ సంగతి తర్వాత, ముందు అది బాగు చేయించండి. పైకి లేచిన మేకుల్ని మళ్లీ కొట్టొద్దు, పీకి రెండున్నర అంగుళాల డెక్ స్క్రూలు వేయండి.

ఇంకొకటి, స్టెయిన్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి గరాజ్‌లో పడేయకండి. నూనె ఆరుతూ వేడి పుట్టించి వాటంతటవే అంటుకుంటాయి. బయట కాంక్రీటు మీద ఒక్కొక్కటిగా పరిచి, గట్టిపడ్డాకే చెత్తలో వేయండి.