నా టైప్‌లో లేనిదాన్ని పెంచుకోవడం ఎలా?

మనుషుల స్వభావాన్ని 16 టైపులుగా విడగొట్టే ఆ పర్సనాలిటీ టెస్ట్ రెండుసార్లు చేశా, రెండుసార్లూ ఐఎన్‌టీపీ అనే వచ్చింది, మా ఆవిడకేమో ఈఎస్‌ఎఫ్‌జే, అంటే నాలుగుకి నాలుగు అక్షరాలూ తేడా, అందులో నాది టీ, అంటే థింకింగ్, లాజిక్‌తో తేల్చే రకం, తనది ఎఫ్, అంటే ఫీలింగ్, మనసుతో తేల్చే రకం (పెళ్లికి ముందే చేసి ఉండాల్సింది అని తను జోక్ వేస్తుంటుంది లెండి). మొన్న ఆఫీసులో ఏదో గొడవై తను ఏడుస్తూ చెప్తుంటే నేను పెన్ను పేపర్ తీసి, ఇలా చేస్తే ఏమవుద్ది అలా చేస్తే ఏమవుద్ది అని రాయడం మొదలెట్టా. పెన్ను లాక్కుని "నిన్ను సలహా ఎవరడిగారు, కాసేపు వినలేవా" అంది. నిజంగానే నాకు ఆ ముక్క తట్టలేదండీ.

దాంతో చదవడం మొదలెట్టా. ఈ టెస్టులకి మూలం కార్ల్ యుంగ్ అనే స్విస్ సైకియాట్రిస్ట్ 1921లో చెప్పిన టైపులంట, ఆయన లెక్కలో థింకింగ్, ఫీలింగ్ ఎదురెదురు, ఒకదాని మీదే బతికేవాళ్లకి రెండోది లోపల ఎదగకుండా ఉండిపోతుంది, దాన్నీ కలుపుకుంటూ పోతేనే మనిషి సంపూర్ణం అవుతాడని. అదీ కరెక్టే అనిపిస్తోంది, ఎందుకంటే నాకు కోపం వచ్చిందంటే చిన్నపిల్లాడిలా వస్తది, తర్వాత నాకే సిగ్గేస్తది.

నా డౌట్ ఏంటంటే, కలుపుకోవడం అంటే రోజూ ఏం చేయాలి? తనలా నటిస్తే దొరికిపోతున్నా. "నా టైప్ ఇంతే" అని ఊరుకుంటే అదో సాకు. మీలో థింకింగ్ టైప్ వాళ్లు ఎవరైనా నిజంగా మారారా, ఎక్కణ్ణుంచి మొదలెట్టారో కాస్త చెప్పండి ప్లీజ్.