ఈనబోయే ఆవుకు కాల్షియం తాపాలా, ఆపాలా?

పలమనేరు పాడి
మూడో ఈతకొచ్చిన సంకరజాతి ఆవులకు చివరి నెలంతా రోజూ 100 మి.లీ. కాల్షియం టానిక్ తాపడం మన చిత్తూరు వైపు మామూలే. దాంతోనే పాలజ్వరం (ఈనగానే రక్తంలో కాల్షియం తగ్గి ఆవు కూలబడే జబ్బు) వస్తుందని ఇప్పుడు కొందరంటున్నారు. ఏది సరి? కారణంతో చెప్పండి.

చెరువుకింద రైతు
ఆపడమేందన్నా? కడుపులో దూడ ఎముక గట్టిపడేదే చివరి రెండు నెలల్లో. ఆవు ఒంట్లోని సున్నమంతా, అదే కాల్షియం, అది లాగేస్తుంది. వరిగడ్డీ తౌడూ తినే ఆవుకు టానిక్ కూడా లేకపోతే ఈనిన రోజే కూలబడుతుంది.

గాటిపాక
కూలబడేది రక్తంలో సున్నం తగ్గే, అంతవరకు నిజం. అయితే ఎముకల్లో అది కిలోల కొద్దీ ఉంది. కష్టమంతా దాన్ని వేళకు దించుకోవడంలోనే. రక్తంలో ఒక్కసారికి తిరిగేది సుమారు 3 గ్రాములు. పది లీటర్ల జున్నుపాలలో పోయేది 20 గ్రాముల పైమాటే. లోటు పూడ్చమని ఎముకలకు చెప్పేది మెడ దగ్గరి పారాథైరాయిడ్ గ్రంథి. నెలంతా నోటినుంచే ధారాళంగా అందితే దానికి పనుండదు. ఈనగానే గిరాకీ పడితే అది మేలుకుని ఎముకనుంచి దించేసరికి రెండు మూడు రోజులు. ఆవు పడిపోయేది ఆ సందులోనే. కాబట్టి చివరి 21 రోజులు టానిక్ ఆపాలి. మెగ్నీషియం మాత్రం తగ్గనివ్వొద్దు, అది లేకపోతే ఆ గ్రంథి మాట ఒంటికి ఎక్కదు.

చెరువుకింద రైతు
మరి తొలిచూలు పెయ్యలకు, పుంగనూరు ఆవులకు ఏ నియమమూ లేకుండానే ఏమీ కాదే?

గాటిపాక
తొలిచూలుదానికి ఎముకనుంచి సున్నం త్వరగా దిగుతుంది. పుంగనూరు ఆవు ఇచ్చే పాలే తక్కువ. భయమంతా మూడో ఈత నుంచి జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్) సంకరాలకే.

మొలకలచెరువు
టానిక్ మీద ఇంత గొడవ సరే, గాటిలో ఏముందో ఎవరూ చూడరు! చెనక్కాయ కట్టె (కాయలు కోసిన వేరుశనగ ఎండుమేత), అలసంద, దశరథ గడ్డి అన్నీ సున్నం ఎక్కువున్న మేతలే. ఐదు కిలోల కట్టెలో ఉండేది ఆ 100 మి.లీ. కంటే చాలా ఎక్కువ. టానిక్ మాని కట్టె గాటినిండా వేస్తే ఆపినట్టా? ఈ మూడు వారాలు కట్టె పాలిచ్చే ఆవులకు వేసి, చూడి ఆవుకు జొన్నచొప్ప, దాణా పెట్టండి.

పలమనేరు పాడి
నొప్పులు మొదలవగానే కాల్షియం సీసా నరానికి ఎక్కిస్తే ముందుజాగ్రత్త కాదా?

గాటిపాక
వద్దు. ఒక్కసారిగా ఎక్కితే గుండె దెబ్బతింటుంది. పైగా ఒళ్ళు తన ప్రయత్నం మానేసి, మర్నాటికి రక్తంలో సున్నం మళ్ళీ పడిపోతుంది. 450 మి.లీ. సీసా కూలబడిన ఆవుకే, అదీ డాక్టరు చేతిమీదుగా, గోరువెచ్చగా, గుండె వింటూ నిదానంగా. నిలబడి ఉన్న ఆవుకైతే నోటి కాల్షియం జెల్: ఈనగానే ఒకటి, పన్నెండు గంటలకు ఇంకొకటి. చెవి కొనలు చల్లబడి, మెడ పక్కకు వంచి పడుకున్నదానికి నోట్లో ఏదీ పోయకండి. మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బోర్లా కూర్చోబెట్టి గడ్డి మూటలు ఆన్చండి. పక్కకు పడితే కడుపుబ్బరం.

చెరువుకింద రైతు
జెల్ ఒప్పుకుంటా. చూలుకు సూది వేయించిన తేదీ రాసుకోని ఇంట్లో 21 రోజులు ఎక్కడినుంచి లెక్కపెట్టాలి?

మొలకలచెరువు
తేదీ ఉంటే 280 రోజులు కలిపి ఈనే రోజు తెలుసుకుని, అక్కడినుంచి 21 వెనక్కి లెక్కపెట్టండి. లేకపోతే పొదుగు చేపుకొస్తుండగానే ఆపేయండి, కాస్త ముందైనా నష్టం లేదు. తోక మొదట ఇరుపక్కలా గుంతలు పడి, వేలితో నొక్కితే నరాలు మెత్తగా లోపలికి పోతుంటే ఒక రోజులో ఈనుతుంది. జెల్ ఆరోజే తెచ్చిపెట్టుకోండి. నీటితిత్తి పగిలి గంట దాటినా కాళ్ళు కనబడకపోతే ముందు చెవులు పట్టుకు చూడండి. సున్నం తగ్గితే గర్భసంచికి కూడా దూడను నెట్టే బలం ఉండదు. చల్లగా ఉంటే దూడను లాగే పని పెట్టుకోక డాక్టరును పిలవండి.