పుట్టగానే ఏడవని బిడ్డకు కూలింగ్: మన దగ్గర చేయాలా, ఆపాలా?

కృష్ణాతీరం
అందరికీ నమస్కారం. మా బాబాయి కూతురికి నెలలు నిండాక కాన్పు కష్టమైంది, బిడ్డ పుట్టగానే ఏడవలేదు. టౌన్‌లో నర్సింగ్ హోమ్ వాళ్లు అంబులెన్స్ ఎక్కించి సిటీకి పంపారు. అక్కడి డాక్టర్లు మెదడుకు ఆక్సిజన్ అందలేదు, ఒంటిని చల్లబరిచే కూలింగ్ చికిత్స చేస్తే దెబ్బ తగ్గుతుంది, ఆరు గంటలు దాటితే లాభం లేదు, త్వరగా చెప్పండి అన్నారు. మావాళ్లు సంతకం పెట్టారు. మొన్న ఇంకో పిల్లల డాక్టర్ గారు ఫైల్ చదివి, మన దేశంలో జరిగిన పెద్ద పరిశోధనలో కూలింగ్ చేసిన పిల్లలే ఎక్కువమంది చనిపోయారమ్మా, నేనైతే చేయను అన్నారు. అప్పటినుంచి మా చెల్లికి నిద్ర లేదు. బిడ్డ ఇంట్లోనే ఉన్నాడు, పాలు తాగుతున్నాడు. ఇద్దరూ పెద్ద డాక్టర్లే, ఎవరి మాట పట్టుకోవాలి? అసలు మన దగ్గర ఇది చేయాలా వద్దా?

వార్మర్ పక్కన
ప్రభుత్వ ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డులో పనిచేస్తాను. ముందు మీ చెల్లికి ధైర్యం చెప్పండి. ఆ సమయంలో ఏ తల్లిదండ్రులైనా సంతకం పెడతారు, అందులో వాళ్ల తప్పు ఏమీ లేదు. బిడ్డకు ఇప్పుడు కావలసింది వినికిడి పరీక్ష, కాళ్లూ చేతులూ బిగుసుకుంటున్నాయేమో చూడటం, రెండేళ్లు వచ్చేదాకా ఎదుగుదల చెకప్‌లు మానకుండా వెళ్లడం. బిగుతు కనిపిస్తే ఫిజియోథెరపీ వెంటనే మొదలుపెట్టాలి.

ఇక ప్రశ్న. ఆ డాక్టర్ గారు చెప్పింది హెలిక్స్ ట్రయల్ (రోగుల మీద చేసే పరీక్ష) గురించి. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన సుధీన్ తయ్యిల్ నాయకత్వంలో ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 7 పెద్ద ఆసుపత్రుల్లో జరిగింది, మన దేశంలో చెన్నై, బెంగళూరు, ముంబైలలో. 2021లో వైద్య పత్రిక లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో అచ్చయింది. 408 మంది బిడ్డల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కూలింగ్ చేశారు, రెండో గుంపుకు మామూలు వైద్యమే. కూలింగ్ చేసినవాళ్లలో 42 శాతం చనిపోయారు, చేయనివాళ్లలో 31 శాతం. చావు, ఓ మోస్తరు లేదా తీవ్ర వైకల్యం రెండూ కలిపి ఏడాదిన్నర దాటాక చూస్తే 50, 47 శాతం, అంటే తేడా లేదు. పేద, మధ్య ఆదాయ దేశాల్లో, పెద్ద ఐసీయూలు ఉన్నా సరే, ఈ చికిత్స ఇవ్వకూడదని వాళ్లు సూటిగా రాశారు. నా ఉద్దేశం కూడా అదే.

లీడ్స్ నాన్న
ఇది చదివి చాలా టెన్షన్ వచ్చింది. మా బాబుకు ఇక్కడ ఇంగ్లండ్‌లో మూడు రోజులు కూలింగ్ చేశారు. ఇప్పుడు స్కూలుకు వెళ్తున్నాడు, తెలుగు కూడా చక్కగా మాట్లాడతాడు. ఇక్కడ అసలు చర్చే లేదు, బిడ్డ పరిస్థితి అలా ఉంటే చేసేస్తారు. అదే పిల్లవాడు ఏలూరులో పుట్టి ఉంటే చేయకూడదా? మెదడు మెదడే కదా?

నైట్ డ్యూటీ నియో
అదే నేనూ అడుగుతున్నాను. ప్రైవేటులో నియోనేటాలజిస్టుని, అంటే నవజాత శిశువుల డాక్టర్ని, కూలింగ్ చేస్తాను, దాచుకోవాల్సిన పని లేదు. తెలియనివాళ్ల కోసం: ఆక్సిజన్ అందనప్పుడు మెదడు కణాలన్నీ అప్పటికప్పుడే చచ్చిపోవు. రక్తం మళ్లీ అందాక కొన్ని గంటలు తేరుకున్నట్టే ఉండి, తర్వాత రెండో విడత చావడం మొదలవుతుంది. ఆ రెండింటి మధ్యలో ఒంటి వేడిని 33, 34 డిగ్రీల దగ్గరికి దించి 72 గంటలు అక్కడే పట్టి ఉంచితే రెండో విడత నష్టం తగ్గుతుంది. ఇది ఊహ కాదు. 2013లో, పరిశోధనల ఫలితాలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ వాళ్లు 11 ట్రయల్స్, 1,505 మంది బిడ్డల ఫలితాలు కలిపి చూస్తే, ఏడుగురికి కూలింగ్ చేస్తే ఒకరిని చావు నుంచో పెద్ద వైకల్యం నుంచో తప్పించవచ్చని తేలింది. ఈ జబ్బుకు మన చేతిలో ఉన్న మందు ఇంకేమిటి? ఫిట్స్ ఆపడం, సెలైన్, వెంటిలేటర్, అంతే కదా.

హెలిక్స్‌లో ఎక్కువమంది బయట పుట్టి రెఫర్ అయి వచ్చినవాళ్లు, లాటరీ వేసే సమయానికే చాలామందికి ఫిట్స్ మొదలయ్యాయి. అంటే రెండో విడత అప్పటికే మొదలైపోయింది. ఆలస్యంగా వచ్చిన బిడ్డల మీద చేసి పనిచేయలేదంటే తప్పు చికిత్సదా, ఆలస్యానిదా? వెల్లూరు సీఎంసీలో 50 మందితో చేసిన చిన్న ట్రయల్‌లో కూలింగ్ చేసిన పిల్లల ఎంఆర్‌ఐలో మెదడు గాయం తక్కువగా కనిపించింది. అదీ మన దేశమే. మా దగ్గర కళ్లముందు పుట్టిన బిడ్డకు రెండో గంటలో మొదలుపెడతాం. ఆ బిడ్డను హెలిక్స్ లెక్కతో కొలవొద్దు.

లెక్కల బెంచీ
డాక్టర్‌ని కాను, స్టాటిస్టిక్స్ నా పని. డాక్టర్ గారూ, మీరు చెప్పిన 11 ట్రయల్స్ ఎక్కువ భాగం సంపన్న దేశాల్లో జరిగినవి. హెలిక్స్‌లో ఐస్ ప్యాకులు వాడలేదు, వేడిని తనంతట తానే సరిచేసుకునే యంత్రం వాడారు. ఆరు గంటల్లోపు వచ్చినవాళ్లనే తీసుకున్నారు. అదే ఆసుపత్రిలో పుట్టిన పిల్లల్ని విడిగా తీసి చూసినా లాభం కనిపించలేదు. అలాంటప్పుడు ఆలస్యమే కారణమని అంత ఖాయంగా ఎలా అంటారు? ఇక 50 మంది ఎంఆర్‌ఐలు, 408 మంది ప్రాణాలు, ఈ రెండిటికీ ఒకే బరువు ఇవ్వలేం.

ఇలాంటిది ఇంతకుముందూ జరిగింది. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాలలో ఫీస్ట్ అనే ట్రయల్ చేశారు. తీవ్ర జ్వరంతో రక్తప్రసరణ పడిపోయిన పిల్లలకు సెలైన్ గబగబా ఎక్కించడం ప్రపంచమంతా పుస్తకాల్లో ఉన్న పద్ధతి. 3,141 మంది పిల్లలతో చూస్తే అలా ఎక్కించిన గుంపుల్లో 48 గంటల్లో వందకు పదిమందికి పైగా చనిపోయారు, ఎక్కించనివాళ్లలో ఏడుగురు. అప్పుడు కూడా మా పిల్లలు వేరు, మా ఐసీయూ వేరు అన్న మాటలే వచ్చాయి. పుస్తకంలో ఉన్నంత మాత్రాన ఇక్కడ పనిచేస్తుందని కాదు, పరీక్షించి చూసుకోవాల్సిందే. కూలింగ్ విషయంలో ఆ పరీక్ష జరిగింది, ఫలితం నచ్చలేదు, అంతే.

నైట్ డ్యూటీ నియో
మీ లెక్కలోనే ఇంకోటి ఉంది, అదీ చెప్పాలి కదా. చావు, వైకల్యం కలిపి 50, 47. అందులోంచి చావులు 42, 31 తీసేయండి. మిగిలేది 8, 16. అంటే వైకల్యంతో బతికినవాళ్లు కూలింగ్ గుంపులో సగమే. చావు అనేది ఆ ట్రయల్‌లో మొదట పెట్టుకున్న ప్రధాన ప్రశ్న కూడా కాదు, రెండో వరస లెక్క.

లెక్కల బెంచీ
తీసివేత సరిగ్గానే చేశారు. కానీ దానికి ఇంకో అర్థమూ ఉంది, కూలింగ్ చేయకపోతే వైకల్యంతోనైనా బతికే పిల్లలు కొందరు కూలింగ్‌లో చనిపోయి ఉండొచ్చు. రెండు అర్థాల్లో ఏది నిజమో ఆ అంకెలతో తేలదు. కానీ వందకు పదకొండు మంది ఎక్కువ చనిపోతే, అది ఏ వరస లెక్క అయినా, తల్లికి ఆ మాట చెప్పకుండా సంతకం తీసుకోవడం నాకు ఒప్పుగా లేదు.

వార్మర్ పక్కన
ఇద్దరికీ ఒక మాట. లీడ్స్ నాన్న గారు మెదడు మెదడే కదా అన్నారు. మెదడు అదే, దెబ్బ వేరు అనిపిస్తోంది. ఇంగ్లండ్‌లో ఇలాంటి బిడ్డల్లో మన దగ్గరకన్నా ఎక్కువమందికి ఏదో ఒక ఘటన ఉంటుంది, మాయ ముందే విడిపోవడం, బొడ్డుతాడు జారడం, గర్భసంచి చిట్లడం. దెబ్బ తగిలిన గడియ తెలుసు, వెంటనే సిజేరియన్ చేస్తారు, గడియారం అక్కడ్నుంచి మొదలవుతుంది. మన దగ్గర వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి అలాంటి ఒక్క ఘటన కనిపించదు. గంటలకొద్దీ నొప్పుల్లో కొంచెం కొంచెంగా ఆక్సిజన్ తగ్గుతూ వచ్చినట్టు ఉంటుంది. హెలిక్స్ పిల్లల ఎంఆర్‌ఐలు చూసినవాళ్లూ ఇదే అన్నారు. అలాంటప్పుడు పుట్టిన క్షణం నుంచి ఆరు గంటలు లెక్కపెడితే ఏం లాభం? డాక్టర్ గారూ, మీరు రెండో గంటలో మొదలుపెడుతున్నాం అంటున్నారు. దెబ్బ తగిలి అప్పటికి ఎన్ని గంటలైందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

భద్రాద్రి బిడ్డ
నాకు ఈ అంకెలకన్నా ముందు ఇంకోటి అడగాలని ఉంది. లండన్ వాళ్లు వచ్చి మన పిల్లల మీద ఎందుకు చేశారు? 2009లో మా ఖమ్మం జిల్లాలో హాస్టల్ ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేశారు, తల్లిదండ్రుల బదులు చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టారు, 2010లో గొడవై ఆపేశారు. టీకా వేశాక చనిపోయిన పిల్లల చావులకు టీకా కారణం కాదని కమిటీ తేల్చింది, సరే, కానీ సంతకాల తీరు తప్పేనని కూడా తేల్చింది కదా. అక్కడ పుట్టినవాణ్ణి నేను. ఇక్కడ చూడండి, బాలింత ఒక ఆసుపత్రిలో కుట్లతో పడుకుని ఉంటుంది, బిడ్డ ఇంకో ఆసుపత్రిలో, అర్ధరాత్రి తండ్రి చేతికి కాగితాలు ఇస్తారు. ఆయనకు లాటరీ అంటే ఏం అర్థమవుతుంది? బిడ్డ బతకాలంటే పెట్టాలేమో అనుకునే పెడతాడు.

లెక్కల బెంచీ
అన్నా, మీ బాధ న్యాయమైనదే. కానీ హెలిక్స్ జరగకముందు ఏం జరుగుతోందో చూడండి. మన దగ్గర ఎన్నో ఆసుపత్రులు అప్పటికే కూలింగ్ చేస్తున్నాయి, లాటరీ లేదు, లెక్క లేదు, చనిపోయినవాళ్లను ఎవరూ కూడలేదు. అది కూడా ప్రయోగమే, ఎవరూ ఫలితం రాసుకోని ప్రయోగం. ఉగాండాలో 2008లో 36 మంది బిడ్డలతో చేసిన చిన్న ట్రయల్‌లోనే కూలింగ్ గుంపులో 21 మందికి ఏడుగురు, రెండో గుంపులో 15 మందికి ఒకరు చనిపోయారు. చిన్న లెక్క, ఏమీ తేల్చదు, కానీ ఆగి చూడమని చెప్పింది. ట్రయల్ చేయకపోతే ఈ రోజు మనం ఇక్కడ ఇలా మాట్లాడుకునే అవకాశమే లేదు.

లేబర్ రూమ్ సిస్టర్
అందరూ పుట్టాక ఏం చేయాలి అంటున్నారు. నేను కాన్పుల గదిలో స్టాఫ్ నర్సుని, నాకు కనిపించేది చెప్తాను. నొప్పికీ నొప్పికీ మధ్య గర్భసంచి వదులైతేనే మాయకు రక్తం అందుతుంది. త్వరగా కాన్పు అవ్వాలని నొప్పులు పెంచే ఇంజెక్షన్ ఎడాపెడా ఇచ్చేస్తే ఆ విరామం ఉండదు. ఇంటివాళ్లే అడుగుతారు, ఇంకా ఎంతసేపమ్మా, సూది వేయండి అని. డ్రిప్పులో చుక్కలు లెక్కపెట్టి ఇవ్వాల్సిన మందును కండకు పొడిచేసి పంపిన కేసులు మా దగ్గరికి వస్తాయి. బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి వినాలి, ఒక్క సిస్టర్‌కి మూడు టేబుళ్లు ఉంటే ఎలా వింటుంది? పార్టోగ్రాఫ్, అంటే నొప్పులు సాగుతుండగా ఎప్పటికప్పుడు రాయాల్సిన చార్టు, కాన్పు అయ్యాక నింపే చోట్లు కూడా ఉన్నాయి. నవజాత శిశు సురక్షా కార్యక్రమం 2009లో వచ్చింది, బ్యాగ్ మాస్క్‌తో మొదటి నిమిషంలోనే ఊపిరి అందించడం మాకు బొమ్మల మీద నేర్పారు, చాలామంది పిల్లలు దాంతోనే బతికారు. కానీ ఏడాదికోసారైనా మళ్లీ చేయిస్తేనే చేతికి గుర్తుంటుంది. ఒక్క కూలింగ్ యంత్రం కొనే ముందు ఈ గదికి ఇంకో సిస్టర్‌ని ఇవ్వండి సార్.

నైట్ డ్యూటీ నియో
సిస్టర్ గారూ, మీరు చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను. కానీ ఈ రాత్రి మా వార్డుకు వచ్చే బిడ్డకు అది పనికిరాదు. ఆ బిడ్డ వాళ్ల నాన్నకు నేను ఏం చెప్పాలి? చేతులు కట్టుకుని కూర్చున్నాం అని చెప్పాలా?

వార్మర్ పక్కన
చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఒంటి వేడి 36.5 దగ్గర నిలపడం, జ్వరం రానివ్వకపోవడం, షుగర్ పడిపోకుండా చూడటం, ఫిట్స్ ఆపడం, బీపీ కాచుకోవడం, ఇవన్నీ వైద్యమే. హెలిక్స్‌లో రెండో గుంపుకు చేసింది ఇదే, అందులో 69 శాతం బతికారు. నాకు భయమేసేది మీ వార్డు గురించి కాదు. మీ దగ్గర మలద్వారంలో ప్రోబ్ పెట్టి క్షణక్షణం వేడి చూసే మనిషి ఉన్నారు. కింది ఊళ్లలో చిన్న ఆసుపత్రులు కూలింగ్ మంచిదట అని విని ఫ్రిజ్‌లోని జెల్ ప్యాకులు పెట్టి అంబులెన్స్ ఎక్కిస్తున్నాయి. మా దగ్గరికి వచ్చేసరికి బిడ్డ ఒళ్లు 31 డిగ్రీలు. మీలాంటి పెద్ద చోట్ల చేస్తుంటేనే వాళ్లకు ధైర్యం వస్తోంది.

లీడ్స్ నాన్న
ఇదంతా చదివాక ఒకటి అడుగుతాను. నైట్ డ్యూటీ గారూ, మీ ఆసుపత్రిలో కూలింగ్ చేసిన పిల్లలందరి ఫలితాలు, రెండేళ్ల దాకా, ఎక్కడైనా పెట్టారా? ఇక్కడైతే ప్రతి బిడ్డా రిజిస్టర్‌లోకి ఎక్కుతాడు. మా బాబును రెండేళ్లకు పిలిచి పరీక్షలు చేసి రాసుకున్నారు.

నైట్ డ్యూటీ నియో
వార్డులో లెక్క ఉంది, బయట పెట్టలేదు. డిశ్చార్జ్ అయ్యాక సగం మంది తిరిగి రారు, ఊళ్లు దూరం. అడిగిన మాట న్యాయమే. నేను కోరేది ఇంకో ట్రయల్. అదే ఆసుపత్రిలో పుట్టినవాళ్లు, ఫిట్స్ మొదలవ్వకముందే, ఘటన ఏమిటో తెలిసినవాళ్లు, వాళ్లతో మాత్రమే. అప్పటిదాకా అలాంటి బిడ్డ వస్తే రెండు ఫలితాలూ తండ్రికి చెప్పి, ఒప్పుకుంటే చేస్తాను. బయటినుంచి ఫిట్స్‌తో వచ్చిన బిడ్డకు చేయను, అది ఇప్పటికే మానేశాను.

లెక్కల బెంచీ
ట్రయల్ పెడితే పూర్తిగా మీ వైపు. ట్రయల్ బయట చేయడానికి మాత్రం ఒప్పుకోను. 42, 31 విన్నాక లాటరీకి ఎవరు ఒప్పుకుంటారన్నదే నా సందేహం.

భద్రాద్రి బిడ్డ
నేను ఒప్పుకోవచ్చు. మా ఆవిడకు ఇప్పుడు ఆరో నెల. ఏడో నెల చెకప్‌కి వెళ్లినప్పుడే, ఇద్దరం కూర్చుని ఉన్నప్పుడు, ఇలా జరిగితే ఇవీ దారులు, ఇందులో ఇంతమంది పోయారు, అందులో ఇంతమంది పోయారు అని తెలుగులో రాసిన కాగితం ఇచ్చి ఇంటికి పంపండి. చదివి, అడిగి, అప్పుడు పెడతాను. అర్ధరాత్రి అంబులెన్స్ దిగాక ఇస్తే పెట్టను.

వార్మర్ పక్కన
మా చెకప్‌కి వచ్చేవాళ్లకు అలా చెప్పడానికి అడ్డేమీ లేదు, రేపే మొదలుపెట్టొచ్చు. కానీ రెఫర్ అయి వచ్చే పిల్లల తల్లులను మేం అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండం. మా వార్డులో ఎక్కువమంది ఆ పిల్లలే.